గుర్తు వెనక మనుషులు: సమాజశాస్త్రం ఎలా పుట్టింది, ప్రతీకకు అర్థం ఎక్కడి నుంచి వస్తుంది

పంద్రాగస్టుకి ముందు రోజు సాయంత్రం దాదాపు ప్రతి స్కూల్లోనూ ఒక పని జరుగుతుంది. బీరువాలోంచి జెండా తీసి బల్ల మీద పరుస్తారు. మధ్యలో గుప్పెడు బంతిపూల రేకులు పోస్తారు. రేకులు జారిపోకుండా మడతపెట్టి, తాడుతో చుట్టి, ఒక్క లాగుకి విడిపోయేలా జారుముడి వేస్తారు. ఆ ముడి అందరికీ రాదు. పీఈటీ సారుకో, ఏళ్ల తరబడి అదే పని చేస్తున్న అటెండరుకో వదిలేస్తారు. ముడి కాస్త బిగిసిందంటే తెల్లారి ఊరి పెద్దలందరి ముందు ఎంత లాగినా జెండా విచ్చుకోదు. తాడు పట్టుకున్న హెడ్మాస్టరు నుంచి లైన్లో నిలబడ్డ పిల్లల దాకా అందరికీ టెన్షన్. సరిగ్గా పడితే మాత్రం రేకులు తలల మీద రాలతాయి, జెండా రెపరెపలాడుతుంది, వందల చేతులు ఒకేసారి సెల్యూట్‌కి లేస్తాయి.

ఆ గుడ్డ నేసిన నూలుతోనే తువ్వాలు కూడా నేస్తారు. అద్దిన రంగులు చీరలకూ అద్దుతారు. తువ్వాలు కింద పడితే ఎవరూ ఉలిక్కిపడరు. జెండా అంచు నేలకి తగలబోతే మాత్రం నాలుగు చేతులు ఒక్కసారే అడ్డం వస్తాయి. ఆ చేతుల్ని కదిలించిన శక్తి నూలులో వెతికినా దొరకదు, రంగులో వెతికినా దొరకదు. అది మనుషుల మధ్య ఉంది. కంటికి కనిపించకుండా అందరి చేతా పని చేయించే ఆ శక్తిని అర్థం చేసుకోవడానికే ఒక శాస్త్రం పుట్టింది. దాన్ని సమాజశాస్త్రం అంటారు, కాలేజీల్లో సోషియాలజీ అంటారు. స్కూల్లో చదివే సాంఘిక శాస్త్రం వేరు. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం కలిపి కట్టిన మూట అది.

సోషియాలజీని ఆప్షనల్‌గా తీసుకుని పరీక్షలకు చదివేవాళ్ల నోట్సులో శాస్త్రం పుట్టుక ఒక చోట ఉంటుంది, సంస్కృతి, ప్రతీకలు ఇంకో చోట ఎక్కడో ఉంటాయి. మొదటిది పేర్లు, సంవత్సరాలు బట్టీ పట్టడానికి, రెండోది నాలుగు నిర్వచనాలు రాసి మార్కులు తెచ్చుకోవడానికి. నిజానికి ఆ రెండూ ఒకే ప్రశ్నకి సంబంధించినవి. వేర్వేరు మనుషుల్ని ‘మనం’ అనిపించేది ఏమిటన్నదే ఆ ప్రశ్న.

పాత కట్టు తెగినప్పుడు

ఆ ప్రశ్న మనుషులకి ఎప్పుడూ ఉన్నదే. అయినా దానికోసం ఒక శాస్త్రమే కావాలనిపించింది ఫ్రాన్స్‌లో, 1789 విప్లవం తర్వాత. అంతవరకు ‘మనం ఎవరం’ అని అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది: ఫలానా రాజు ప్రజలం, ఫలానా చర్చి భక్తులం, ఫలానా వృత్తి సంఘం వాళ్లం. నాలుగైదేళ్లలో అదంతా కూలిపోయింది. 1793 జనవరిలో రాజు తల తెగింది. అదే ఏడాది నవంబరులో పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని ‘హేతువు ఆలయం’గా మార్చి ఉత్సవం చేశారు. క్యాలెండర్ కూడా మార్చారు. వారానికి ఏడు రోజులు పోయి పది రోజులొచ్చాయి, ఆదివారం మాయమైంది. పాత గుర్తులన్నీ చెరిపేసి కొత్తవి పెడితే కొత్త మనిషి పుడతాడని విప్లవకారులు నిజంగానే నమ్మారు. పన్నెండేళ్లు గడిచాయో లేదో, 1806 జనవరి 1 నుంచి, నెపోలియన్ పాత క్యాలెండర్‌ని తిరిగి తెచ్చాడు.

ఈ గందరగోళంలో, 1798లో, మోంపెలియే పట్నంలో ఆగస్ట్ కోంత్ పుట్టాడు. 1817లో సెయింట్ సైమన్ అనే ఆలోచనాపరుడి దగ్గర కార్యదర్శిగా చేరాడు, ఏడేళ్లకి గొడవపడి బయటికొచ్చాడు. 1830 నుంచి 1842 వరకు ఆరు సంపుటాల గ్రంథం రాశాడు. ఆకాశంలో గ్రహాలకి నియమాలున్నట్టే సమాజానికీ ఉంటాయని, వాటిని పరిశీలనతో కనుక్కోవచ్చని అతని వాదన. మొదట్లో ఈ శాస్త్రాన్ని ‘సామాజిక భౌతికశాస్త్రం’ అన్నాడు. బెల్జియం గణాంకవేత్త కెట్లె 1835లో తన పుస్తకానికి అదే మాట వాడేసరికి కోంత్‌కి ఒళ్లు మండింది. ఆ పేరు వదిలేసి, లాటిన్ మాట ఒకటి, గ్రీకు మాట ఒకటి అతికించి, 1838-39 నాటి నాలుగో సంపుటంలో ‘సోషియాలజీ’ అన్నాడు. అబ్బే సియేస్ అనే విప్లవకాలపు నాయకుడు 1780 ప్రాంతంలోనే తన రాతప్రతిలో ఈ మాట వాడుకున్నాడు గానీ అది అప్పట్లో అచ్చుకి రాలేదు.

పేరు పెట్టినవాడే తండ్రి అనుకోవడం పాఠ్యపుస్తకాల అలవాటు. ట్యునిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ 1377లోనే రాజ్యాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు పడిపోతాయి అని అడిగాడు. ‘అసబియ్య’ అనే మాటతో జవాబు చెప్పాడు. కష్టంలో ఒకరి కోసం ఒకరు నిలబడే గట్టి కట్టుబాటు అది. ఎడారి తెగల్లో బలంగా ఉండే ఈ కట్టు, వాళ్లు రాజ్యం గెలిచి నగరాల్లో సుఖం మరిగాక సడలిపోతుందని, అప్పుడు ఇంకో తెగ వచ్చి గెలుస్తుందని అతను చూపించాడు. కోంత్ కంటే దాదాపు నాలుగున్నర శతాబ్దాల ముందు మాట ఇది.

హారియెట్ మార్టినో పేరు కూడా చాలా పుస్తకాల్లో కనపడదు. అది అన్యాయం. చిన్నప్పటి నుంచీ వినికిడి లోపం ఉన్న ఈ ఇంగ్లీషు రచయిత్రి, 1838లో, పరాయి సమాజాన్ని ఎలా గమనించాలో ఒక పుస్తకమే రాసింది. ఒక ఊరి నీతి తెలుసుకోవాలంటే వాళ్ల అభిప్రాయాలు అడిగితే చాలదని, సమాధుల మీద ఏం చెక్కుకున్నారో చదవాలని, ఏ పాటలు పాడుకుంటున్నారో వినాలని అందులో చెప్పింది. మనుషులు తమ గురించి చెప్పుకునే మాట కంటే వాళ్లు పెట్టుకున్న గుర్తులు ఎక్కువ చెప్తాయని ఆమె అప్పటికే పట్టుకుంది. కోంత్ ఆరు సంపుటాల్ని 1853లో ఇంగ్లీషులో రెండింటికి కుదించింది కూడా ఆమే. అది కోంత్‌కి ఎంత నచ్చిందంటే, తన మూలం బదులు దాన్నే చదవమని సిఫారసు చేశాడు.

కోంత్ చివరి రోజుల గురించి చాలామంది ఇబ్బందిపడుతూ ఒక్క వాక్యంలో దాటేస్తారు. అక్కడే ఆగి చూడాలి. దేవుడి దశ, తత్వశాస్త్రపు దశ దాటి మనిషి శాస్త్ర దశకి వచ్చేశాడని జీవితమంతా చెప్పిన ఈయన, చివరికి ‘మానవత్వ మతం’ స్థాపించాడు. పూజలు, పండుగలు, పూజారులు అన్నీ రాసిపెట్టాడు. 1849లో 28 రోజుల నెలలు పదమూడు ఉండే క్యాలెండర్ తయారుచేసి నెలలకి మోజెస్, హోమర్, అరిస్టాటిల్ లాంటి మహానుభావుల పేర్లు పెట్టాడు. మనుషుల్ని కలిపి ఉంచడానికి సిద్ధాంతం చాలదని, కలిసి చేసుకునే పండుగ, కలిసి మొక్కే గుర్తు కావాలని ఆయనకి అర్థమైంది. అవి గదిలో కూర్చుని తయారుచేస్తే పుట్టవన్నది అర్థం కాలేదు. ఆ క్యాలెండర్ ఫ్రాన్స్‌లో నిలబడలేదు. ఆయన మాట మాత్రం సముద్రం దాటింది. బ్రెజిల్‌లో రాచరికం పోయిన నాలుగు రోజులకి, 1889 నవంబరు 19న, అక్కడి కోంత్ అనుచరులు రూపొందించిన జెండా మీద ‘క్రమం, ప్రగతి’ అనే మాటలు ఎక్కాయి. ఇప్పటికీ ఉన్నాయి. ‘ప్రేమ మూలసూత్రం, క్రమం పునాది, ప్రగతి గమ్యం’ అన్నది కోంత్ పూర్తి సూత్రం. ప్రేమ జెండా దాకా రాలేదు.

పురుగు బొమ్మకి మొక్కేవాళ్లు, జెండాకి మొక్కేవాళ్లు

కోంత్ వదిలేసిన చోట ఎమిల్ దుర్ఖైమ్ అందుకున్నాడు. 1858లో ఎపినాల్‌లో రబ్బీల కుటుంబంలో పుట్టాడు. తండ్రి, తాత అందరూ యూదు మతగురువులే. తను మాత్రం ఆ దారిలో వెళ్లలేదు. 1887లో బోర్డో విశ్వవిద్యాలయంలో చేరి, సమాజశాస్త్రానికి ఫ్రాన్స్ విశ్వవిద్యాలయాల్లో కాలూనే చోటు సంపాదించాడు. 1895లో ఆయన చెప్పిన ముఖ్యమైన మాట ‘సామాజిక వాస్తవం’. అంటే మనం పుట్టక ముందే ఉండి, మన ఇష్టంతో పని లేకుండా మన మీద ఒత్తిడి పెట్టేది. చెప్పులతో గుళ్లోకి అడుగు పెట్టబోతే కాలు దానంతటదే ఆగిపోతుంది. దేవుణ్ని నమ్మనివాడి కాలు కూడా ఆగుతుంది. కాలిని ఆపిన ఆ బలం రాయంత నిజం, రాయిని చదివినట్టే దాన్నీ చదవాలి అన్నాడు దుర్ఖైమ్.

1912లో వచ్చిన ఆయన చివరి పెద్ద పుస్తకం మతం గురించి. అందులో ముఖ్యమైన ఉదాహరణ మధ్య ఆస్ట్రేలియాలోని అరుంట అనే ఆదివాసులు. దుర్ఖైమ్ అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదు. బాల్డ్విన్ స్పెన్సర్, ఫ్రాంక్ గిల్లెన్ అనే ఇద్దరు 1899లో అచ్చువేసిన వివరాల మీద ఆధారపడ్డాడు. అరుంటల్లో ఒక్కో గుంపుకి ఒక్కో టోటెం, అంటే తమ గుర్తుగా పెట్టుకున్న ప్రాణి, ఉంటుంది. ఒకరికి కంగారూ, ఒకరికి చెట్టు వేళ్లలో దొరికే లావుపాటి పురుగు. ఆ గుర్తు చెక్కిన కర్రముక్కల్ని, రాళ్లని ‘చురింగా’ అంటారు. వాటిని ఎవరు పడితే వాళ్లు ముట్టుకోకూడదు, చూడకూడదు కూడా. గుర్తు తీసేస్తే మిగిలేది మామూలు కర్రముక్కే. ఇంకో విచిత్రం ఏమిటంటే, అసలు పురుగు కంటే పురుగు బొమ్మే ఎక్కువ పవిత్రం. అంటే పవిత్రత పురుగులోంచి వచ్చింది కాదు. ఆ బొమ్మ గుంపుకి జెండా లాంటిది, వాళ్లు మొక్కుతున్నది తమని కలిపి ఉంచే బలానికే అని దుర్ఖైమ్ వాదించాడు. జెండా కోసం ప్రాణమిచ్చే సైనికుడి ఉదాహరణ ఆయనే ఇచ్చాడు. చచ్చిపోయేది దేశం కోసమే, కానీ ఆ క్షణంలో అతని మనసులో ముందు నిలిచేది జెండా.

ఆ బలం బొమ్మలోకి ఎలా ఎక్కుతుంది? ఎప్పుడూ చెల్లాచెదురుగా బతికే జనం ఒక చోట చేరినప్పుడు, పాటలతో, అరుపులతో ఒకరి ఉద్వేగం ఇంకొకరిలో రాజుకుని, ఏ ఒక్కరిదీ కాని పెద్ద శక్తి అందర్నీ ఊపేస్తుంది అన్నాడు. దీని గురించి తెలుగువాళ్లకి పుస్తకం చూసి చెప్పాల్సిన పని లేదు. పూనకం అనే మాట మన దగ్గరే ఉంది.

ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జరిగే సమ్మక్క సారలమ్మ జాతర ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ విగ్రహాలు లేవు, గోపురం లేదు. బుధవారం సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. గురువారం కోయ పూజారులు చిలకలగుట్ట ఎక్కి, సమ్మక్క రూపమైన కుంకుమ భరిణెతో దిగుతారు. ఆ క్షణాన పోలీసు అధికారి గాల్లోకి తుపాకి పేల్చి వందనం చేస్తారు. దారి పొడవునా జనం మీద పడతారు, పొర్లుదండాలు పెడతారు, శివాలూగుతారు. తల్లుల్ని గద్దెల మీదికి చేరుస్తారు. భక్తులు సమర్పించేది బెల్లం, కానీ అక్కడ దాన్ని బెల్లం అనరు, ‘బంగారం’ అంటారు. మొక్కున్నవాళ్లు తమ ఎత్తు తూచి ఇస్తే అది ‘నిలువెత్తు బంగారం’. శనివారం తల్లులు వనప్రవేశం చేస్తారు. మూడో నాటికి మళ్లీ అడవి, గద్దెలు, జంపన్న వాగు. బెల్లం దుకాణంలో కొన్నప్పటి ముద్దే, గద్దె దగ్గరికి వెళ్లేసరికి బంగారమైంది. మధ్యలో దానికి తోడైంది లక్షలాది మంది రాక.

ఇంట్లో జరిగే చిన్న పూజలో కూడా ఇదే కనపడుతుంది. ఏ వ్రతమైనా ముందు పసుపు వినాయకుణ్ని చేస్తారు. వంటింటి డబ్బాలోంచి తీసిన పసుపే, పొద్దున పప్పులో వేసిందే. నాలుగు చుక్కల నీళ్లతో ముద్ద చేసి, తమలపాకు మీద పెట్టి, ఆవాహన చేస్తారు. ఇక అక్కడి నుంచి ఆ ముద్దకి ఆసనం, స్నానం, నైవేద్యం, హారతి. పూజ అయ్యాక ఉద్వాసన చెప్పి, ఆకుని కొంచెం కదుపుతారు. మళ్లీ అది పసుపే. ఈ పద్ధతి కల్పించిన పెద్దలు దుర్ఖైమ్‌ని చదవలేదు, అయినా అర్థం వస్తువులో ఉండిపోదని, పిలిస్తే వస్తుందని, సాగనంపితే వెళ్తుందని వాళ్లకి స్పష్టంగా తెలుసు.

దుర్ఖైమ్ సిద్ధాంతంలో లోపాలు లేకపోలేదు. అరుంటల గురించి ఆయన చెప్పిన కొన్ని వివరాల్ని తర్వాతి మానవశాస్త్రవేత్తలు తప్పుపట్టారు. అంతకంటే పెద్ద లోపం, ఆయన కలయికని చూశాడు గానీ కొట్లాటని పెద్దగా చూడలేదు. ఒకే గుర్తుకి ఇద్దరు రెండు అర్థాలు చెప్పి తలపడితే ఏమవుతుంది? గుర్తు కొందర్ని కలిపేటప్పుడు ఎవర్ని బయట నిలబెడుతుంది? అవి వేరేవాళ్లు అడగాల్సి వచ్చింది.

గుర్తు అనే మాట

ఇంగ్లీషులో సింబల్ అనే మాటకి మూలం గ్రీకు ‘సింబొలోన్’. పాతకాలంలో ఇద్దరు స్నేహితులు విడిపోయేటప్పుడు ఒక బిళ్లనో ఎముకనో రెండుగా విరిచి చెరో ముక్క ఉంచుకునేవాళ్లు. ఏళ్ల తర్వాత వాళ్ల పిల్లలు ఎదురుపడితే ముక్కలు రెండూ అతికించి చూసుకునేవాళ్లు. సరిపోతే మనవాళ్లే.

తెలుగులో ప్రతీక, చిహ్నం, సంకేతం అన్నీ ఉన్నాయి గానీ జనం నోట్లో ఉన్న మాట గుర్తు. ఈ చిన్న మాటలో మూడు పనులున్నాయి. గొర్రె చెవి మీద పెట్టేది గుర్తు. మనసులో మెదిలేది గుర్తు, ‘గుర్తొచ్చింది’ అంటాం. గుంపులో మనవాణ్ని పట్టుకోవడమూ ‘గుర్తుపట్టడమే’. మచ్చ, జ్ఞాపకం, ఆనవాలు మూడూ ఒకే మాటలో ఇమిడాయి. ప్రతీక చేసే పని సరిగ్గా అదే. బయట ఒక ఆనవాలు ఉంటుంది, అది లోపల ఒక జ్ఞాపకాన్ని లేపుతుంది, ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లు ఒకర్నొకరు గుర్తుపడతారు.

పొగ కనిపిస్తే నిప్పుందని తెలుసుకోవడం వేరు. మన తర్కశాస్త్రంలో పాత ఉదాహరణ అది. పొగకీ నిప్పుకీ ప్రకృతిలోనే సంబంధం ఉంది. ఎర్ర లైటుకీ ఆగిపోవడానికీ అలాంటి సంబంధం ఏమీ లేదు, ఒప్పందం మాత్రమే ఉంది. 1916లో, చనిపోయిన మూడేళ్లకి, విద్యార్థుల నోట్సు నుంచి అచ్చయిన స్విస్ భాషావేత్త సోస్యూర్ పాఠాల్లో ఈ విషయం పదాల గురించి ఉంది. ‘చెట్టు’ అనే శబ్దంలో చెట్టుతనం ఏమీ లేదు. పక్కవాళ్లు ‘మరం’ అంటారు, నీడ అదే ఇస్తుంది.

ఒప్పందమే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో చదవడం వచ్చినవాళ్లు నూటికి 18 మందే. ఆ పరిస్థితిలో 1951-52 తొలి సాధారణ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దాని మీద గుర్తు అతికించారు. కాంగ్రెస్‌కి కాడెద్దులు. అక్షరం రాని కోట్లమంది ప్రజాస్వామ్యంలోకి అడుగుపెట్టింది ఆ బొమ్మల చేయి పట్టుకునే. ఇప్పటికీ ఊళ్లో ‘నీ ఓటు ఎవరికి’ అని అడగరు, ‘ఏ గుర్తుకి’ అని అడుగుతారు.

బెజవాడ నుంచి ఢిల్లీ దాకా ఒక గుడ్డ

ప్రతీకకి అర్థం ఎలా ఎక్కుతుందో, ఎలా మారుతుందో చూడాలంటే మన జెండా చరిత్రని మించిన పాఠం లేదు. అందులో సగం కృష్ణా జిల్లాలో జరిగింది.

భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1916లోనే జాతీయ జెండా నమూనాలతో ఒక పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు గాంధీ ఆయన్ని పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేలా నమూనా అడిగారు. రాట్నం ఆలోచన జలంధర్‌కి చెందిన లాలా హంసరాజ్‌ది. వెంకయ్య కొద్ది గంటల్లోనే గీసిచ్చారు. ఆ తర్వాత గాంధీ తెలుపు చేర్చమన్నారు. అప్పట్లో రంగుల అర్థం సూటిగా మతాలదే: ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లింలకి, తెలుపు మిగతా అందరికీ. తెలుపు పైన, ఎరుపు అడుగున. సంఖ్యలో తక్కువున్నవాళ్లకి మొదటి చోటు, ఎక్కువున్నవాళ్లు కింద నిలబడి వాళ్లని కాపాడాలని గాంధీ వివరించారు. చారల వరస వెనక ఒక దేశం ఎలా ఉండాలన్న ఆలోచన ఉంది. ఈ సంగతి ఇవాళ చాలామందికి తెలియకపోవడం బాధాకరం.

కాగితం మీద గీసిన బొమ్మ అంతటితో జెండా అయిపోలేదు. 1923లో నాగపూర్‌లో జెండా పట్టుకుని నడవడానికే సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది, జనం బారులు తీరి జైలుకెళ్లారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో మచిలీపట్నం కోనేరు సెంటర్‌లో జెండా ఎగరేయబోయిన తోట నరసయ్య నాయుడు, లాఠీలు విరుచుకుపడుతున్నా పట్టు వదలక, స్పృహ తప్పి పడిపోయారు. దుర్ఖైమ్ పుస్తకంలోని సైనికుడు ఒక ఊహ, కోనేరు సెంటర్‌లో పడిన దెబ్బలు నిజం. అలాంటి ఒక్కో సంఘటనతో ఆ గుడ్డ బరువు పెరిగింది. కోంత్ క్యాలెండర్‌కి దొరకనిది ఇదే.

ఆ తర్వాత అర్థం గురించి గొడవ మొదలైంది. రంగులు మతాలవైతే మా రంగేదీ అని సిక్కులు అడిగారు, న్యాయంగానే అడిగారు. 1931లో కాంగ్రెస్ ఏడుగురితో కమిటీ వేసింది. దాని కన్వీనర్ మచిలీపట్నానికి చెందిన పట్టాభి సీతారామయ్య. ఆయన ఒక ప్రశ్నావళి తయారుచేసి రాష్ట్ర కాంగ్రెస్ కమిటీలకి పంపి, ఇప్పటి జెండా మీద మీ ప్రాంతంలో అభ్యంతరాలున్నాయా, సూచనలున్నాయా అని అడిగారు. ప్రతీక అర్థం గురించి జనాన్నే అడిగి తెలుసుకోవడం, సమాజశాస్త్రం చేసే పనికి అంతకంటే దగ్గరిది ఏముంటుంది? మొత్తం ఒకే కేసరి రంగుతో జెండా పెట్టమని కమిటీ సూచించింది. కాంగ్రెస్ దాన్ని ఒప్పుకోలేదు. ఆగస్టులో కాషాయం, తెలుపు, ఆకుపచ్చలతో, మధ్యలో రాట్నంతో జెండాని ఆమోదిస్తూ, రంగులకి మతాలతో సంబంధం లేదని తీర్మానం చేసింది. కాషాయం ధైర్యానికి, త్యాగానికి. తెలుపు సత్యానికి, శాంతికి. ఆకుపచ్చ నమ్మకానికి, శౌర్యానికి.

ఆకుపచ్చ నిన్నటి ఆకుపచ్చే, దాని అర్థం తీర్మానంతో మారింది. అయితే తీర్మానం చేసినంత మాత్రాన పాత అర్థం చెరిగిపోలేదు. ఇవాళ్టికీ ఊళ్లలో ఎవర్నైనా అడిగితే ఏ రంగు ఏ మతానిదో చెప్పేస్తారు. అధికారిక అర్థం ఒకటి పైన ఉంటుంది, జనం జ్ఞాపకంలోది ఒకటి అడుగున ఉంటుంది, రెండూ ఒకే గుడ్డలో బతుకుతాయి.

1947 జులై 22న రాజ్యాంగ సభ ముందు నెహ్రూ తీర్మానం పెట్టినప్పుడు రాట్నం స్థానంలో సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం వచ్చింది. ఒక కారణం చాలా మామూలుది. జెండా మీది గుర్తు రెండు వైపులా ఒకేలా కనపడాలి, రాట్నం అలా కనపడదు. అదే సభలో సర్వేపల్లి రాధాకృష్ణన్ రంగులకి మళ్లీ వివరణ ఇచ్చారు. ఈసారి ఆకుపచ్చ మట్టితో, మొక్కలతో మన బంధం. చక్రం ధర్మానికి, కదలికకి గుర్తు. గాంధీకి మాత్రం రాట్నం పోవడం మొదట్లో అస్సలు నచ్చలేదు. ఆయన దృష్టిలో రాట్నం బొమ్మ కాదు, రోజూ చేతితో తిప్పే వస్తువు. 26 ఏళ్లలో ఒక్క ఆకుపచ్చ చారకి మూడు అర్థాలు వచ్చాయి.

బొట్టు, గ్లాసు

ఒకే ప్రతీకలో చాలా అర్థాలు, కొన్నిసార్లు ఒకదానికొకటి పడనివి కూడా ఉంటాయని గట్టిగా చూపించినవాడు విక్టర్ టర్నర్ అనే మానవశాస్త్రవేత్త. జాంబియాలోని ఎన్‌డెంబు జనం మధ్య పనిచేసి 1967లో అచ్చువేసిన పుస్తకంలో ఆయన పాల చెట్టు గురించి రాశాడు. గీరితే తెల్లటి పాలు కారే ఆ చెట్టు కింద ఆడపిల్ల ఈడు వేడుక జరుగుతుంది. అడిగితే అది తల్లి పాలు, తల్లీబిడ్డల బంధం, తమ జాతి ఐక్యత అంటారు. కానీ వేడుక జరిగేటప్పుడు చూస్తే పిల్లని తల్లి నుంచి విడదీసేది ఆ చెట్టు కిందే. జనం చెప్పే అర్థం, వాళ్లు చేసే పనిలోని అర్థం రెండూ చూడాలని టర్నర్ పట్టుబట్టాడు.

బొట్టుని అలా చూస్తే చాలా కనపడుతుంది. అడిగితే శుభం, సౌభాగ్యం అంటారు. పేరంటానికి వచ్చిన వాళ్లకి పసుపు కుంకుమ ఇచ్చి పంపడంలో ఎంత ఆప్యాయత ఉందో తెలుగిళ్లలో పుట్టినవాళ్లకి తెలుసు. ఆ కుంకుమ భరిణె వరసలో ఒక మనిషిని దాటేసి పక్కవాళ్ల దగ్గరికి వెళ్తుంది. భర్త చనిపోయిన ఆవిడ ఆ వరసలో ఉంటే ఆమె ముందు ఆగదు. చాలాసార్లు అలా జరగకముందే ఆవిడే లేచి లోపలి గదిలోకి వెళ్లిపోతుంది. ‘శుభం’ అనే అర్థం నిలబడటానికి ‘అశుభం’ అని ఒకర్ని పక్కకి నెట్టాల్సి వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరంత వ్యతిరేకత ఎందుకొచ్చిందో ఇందులో తెలుస్తుంది. ఒక పిల్లకి మళ్లీ పెళ్లి జరగడం ఒక ఇంటి సంగతిగా మిగల్లేదు, బొట్టు చుట్టూ గీసిన గీతే చెరిగిపోయింది. ఇప్పుడు భర్త పోయినా బొట్టు పెట్టుకునే ఆడవాళ్లు పెరిగారు. ఏ పీఠమూ, ఏ సభా దానికి తీర్మానం చేయలేదు. అద్దం ముందు ఒక్కొక్కరే నిర్ణయం తీసుకున్నారు.

పల్లెటూరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఇంకా కఠినమైనది. టీ ఒకటే, గిన్నె ఒకటే, పాలు ఒకటే. దళితుడికి ఇచ్చే గ్లాసు మాత్రం వేరు, తాగాక తనే కడిగి చూరు కింద బోర్లించాలి. ఏది శుభ్రం, ఏది మైల అన్నది మురికిని బట్టి తేలదని, సమాజం ఎవర్ని ఎక్కడ ఉంచాలనుకుందో దాన్ని బట్టి తేలుతుందని మేరీ డగ్లస్ అనే మానవశాస్త్రవేత్త 1966లో రాసింది. చోటు తప్పిన వస్తువే మురికి అంది. ఆ గ్లాసుని సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా చూరు కింద నుంచి షెల్ఫ్ మీదికి రాదు. కులాన్ని పుస్తకాల్లో ఎంత చదివినా, ఆ చూరు కింద బోర్లించిన గ్లాసు చెప్పినంత సూటిగా ఏదీ చెప్పదు.

మన దేశంలో ఈ శాస్త్రం కళాశాలల్లోకి వచ్చింది దాదాపు వందేళ్ల కిందట. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో పాట్రిక్ గెడ్డెస్ ఆధ్వర్యంలో విభాగం మొదలైంది, తర్వాత జి.ఎస్. ఘుర్యే దాన్ని పెంచాడు. హైదరాబాద్‌కి దగ్గర్లోని శామీర్‌పేటని ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే తన బృందంతో అధ్యయనం చేసి 1955లో పుస్తకం వేశాడు. భారతదేశంలోని ఒక పల్లెటూరి మీద వచ్చిన తొలి పూర్తిస్థాయి అధ్యయనాల్లో అది ఒకటి. ఒక తెలంగాణ ఊరు ఆ రకంగా ప్రపంచంలోని సోషియాలజీ క్లాసులకి చేరింది.

కన్ను కొట్టడం, కన్ను అదరడం

ప్రతీకల్ని ఎలా చదవాలన్న దానికి అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్స్ 1973 పుస్తకంలో వాడిన ఉదాహరణ బాగా పేరుపొందింది. గిల్బర్ట్ రైల్ అనే తత్వవేత్త నుంచి తీసుకున్నది. ఇద్దరు పిల్లలు కుడి కన్ను మూసి తెరిచారు. ఒకడిది నరం అదురు, ఇంకొకడిది కన్ను కొట్టడం. ఫొటో తీస్తే తేడా ఉండదు. తెలుసుకోవాలంటే వాళ్ల మధ్య ఉన్న సంగతులన్నీ తెలియాలి. మనిషి తను అల్లుకున్న అర్థాల సాలెగూడులోనే వేలాడుతుంటాడని, ఆ గూడే సంస్కృతి అని గీర్ట్స్ అన్నాడు. జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ నుంచి నేర్చుకున్నానని కూడా చెప్పుకున్నాడు.

ఈ ఉదాహరణని తెలుగులోకి తెస్తే ఒక మెలిక పడుతుంది. రైల్ దృష్టిలో నరం అదురుకి అర్థం లేదు. మన దగ్గర ఉంది. ఆడవాళ్లకి ఎడమ కన్ను, మగవాళ్లకి కుడి కన్ను అదిరితే మంచిదంటారు. అంటే ఏది అర్థం లేని కదలిక, ఏది అర్థమున్న సైగ అన్న హద్దు కూడా ఊరిని బట్టి మారుతుంది. కన్ను అదిరిన మనిషి ఎవరికీ ఏమీ చెప్పాలనుకోలేదు, అయినా చుట్టూ ఉన్నవాళ్లు చదివేస్తారు.

జెండా విషయంలోనూ ఇలాంటి హద్దులు కదులుతూనే ఉన్నాయి. ఏళ్ల తరబడి జెండా అంటే చేత్తో వడికి చేత్తో నేసిన గుడ్డే. జెండా నియమావళి అయిన ఫ్లాగ్ కోడ్‌కి 2021 డిసెంబరు 30న చేసిన సవరణతో మిషన్ మీద నేసినది, పాలియెస్టర్‌ది కూడా ఒప్పుకున్నారు. ప్రతి ఇంటికీ జెండా చేరాలంటే చవగ్గా దొరకాలి అన్నది ఒక వాదన. చేత్తో వడికిన నూలు తీసేస్తే అందులో గాంధీ పెట్టిన అర్థం ఎంత మిగులుతుంది అన్నది ఇంకో వాదన, పొందూరు లాంటి ఊళ్లలో ఖాదీ మీదే బతికేవాళ్లకి అది కూటి ప్రశ్న కూడా. రెండో వాదనలో ఎక్కువ బలం ఉంది. మిగతా ప్రతీకల్లో ముడిసరుకు ఏదైనా ఒకటే కావచ్చు, ఈ జెండాలో మాత్రం నేసిన పద్ధతే మొదట్నుంచీ అర్థంలో భాగం.

చిరిగిన జెండాని, రంగు వెలిసిన జెండాని ఏం చేయాలో కూడా ఫ్లాగ్ కోడ్‌లో ఉంది. చెత్తలో వేయకూడదు, వేరే పనికి వాడకూడదు. పదిమంది కళ్లలో పడని చోట, గౌరవంగా, కాల్చేయడం మేలు. అదే జెండాని నడిబజారులో కాలిస్తే జాతీయ చిహ్నాల్ని అవమానించకుండా తెచ్చిన 1971 చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు. అగ్గిపుల్ల అదే, గుడ్డ అదే, మిగిలే బూడిద అదే. బీరువా అడుగున వెలిసిపోయిన జెండా ఉన్న స్కూల్లో, పంద్రాగస్టు సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక, రాలిన బంతిరేకులు ఊడ్చేసి, స్కూలు వెనక ఎవరూ లేని చోట ఆ పని చేయాల్సింది ముందు రోజు ముడి వేసిన చేతులే.